వెనక్కి వచ్చే చోటు చూసుకుని దూకడం

తొంభైలలో మన కాలేజీ కంప్యూటర్ లాబుల్లో కాలక్షేపం చేసినవాళ్ళకి "ప్రిన్స్" అంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. తెల్ల బట్టల కుర్రాడు, కోట కింద నేలమాళిగ, నేలలోంచి పైకి లేచే ముళ్ళు, కాలు పెట్టగానే ఊడిపడే పలకలు, రాకుమారిని చేరుకోవడానికి సరిగ్గా 60 నిమిషాల గడువు. డాస్ తెర మీద "ప్రిన్స్" అని కొట్టి పక్కన "మెగాహిట్" అని చేరిస్తే దొడ్డిదారి మీటలు పనిచేస్తాయన్న రహస్యం ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకిన వేగంలో మా పాలిటెక్నిక్‌లో ఏ పాఠమూ పాకలేదు!

ఆ ప్రిన్స్ వంశంలోనిదే 2024 జనవరిలో వచ్చిన "ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్". ఫ్రాన్సులోని మోంపెలియే ఊళ్ళో ఉన్న యూబీసాఫ్ట్ స్టూడియో చేసింది, దర్శకుడు మునీర్ రాదీ. ఇందులో కథానాయకుడు రాకుమారుడు కాడు. సార్గోన్ అనే యువ యోధుడు. అపహరించబడిన రాకుమారుడు ఘస్సాన్‌ను వెతుక్కుంటూ కాఫ్ పర్వతం ఎక్కుతాడు. దారిలో అతనికి సీముర్గ్ వరాలు ఒక్కొక్కటే దొరుకుతాయి. సీముర్గ్ అంటే పర్షియన్ల పురాణపక్షి. "షాహ్‌నామా"లో కొండ మీద వదిలేసిన పసివాడు జాల్‌ని పెంచి పెద్ద చేసిన పక్షి అదే. మన గరుత్మంతుడికి దూరపు చుట్టం అనుకోండి.

ఆ వరాల్లో ఒకటి "షాడో ఆఫ్ ది సీముర్గ్". దాన్ని "నీడ" అందాం. ఆట అంతటి గురించీ రాస్తే ఈ శీర్షిక చాలదు. అందుకని ఈసారి ఈ ఒక్క విద్యనీ ఎలా చేతిలోకి తెచ్చుకోవాలో చూద్దాం. ఇందులో నాకు స్వార్థం ఒకటుంది, ముందుకు పోయాక చెబుతాను.

విద్య ఏమిటో చెప్పడం తేలికే. ఒకసారి బటన్ నొక్కితే సార్గోన్ ఉన్నచోట అతని నీడ నిలబడిపోతుంది. అతను ఎటన్నా పోవచ్చు, దూకచ్చు, పడచ్చు. మళ్ళీ అదే బటన్ నొక్కితే రెప్పపాటులో నీడ ఉన్నచోటికి వచ్చేస్తాడు. నేల మీదే కాదు, గాల్లో ఉండగా కూడా నీడను నిలపచ్చు. ఇంతే. మా గదిలో కేరళ మిత్రుడు ఇది చూసి, "ఇదేదో ఎగ్జిట్ రీఎంట్రీ వీసా లాగుందే!" అన్నాడు. గల్ఫులో ఉండేవాడికి అంతకంటే వివరణ అక్కర్లేదు.

విద్యలోకి దిగేముందు ఒక పాత ముచ్చట. ఈ పరంపరలో నీడ కొత్తది కాదు. మొదటి "ప్రిన్స్ ఆఫ్ పర్షియా"ని జోర్డన్ మెక్నర్ అనే ఆయన దాదాపు ఒంటరిగా తయారు చేశాడు. 1985లో తన తమ్ముడు డేవిడ్ చేత పరుగులు పెట్టించి, దూకించి, వీడియో తీసి, ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి దింపుకున్నాడు. ఆ రాకుమారుడి నడకలో అంత జీవం అందుకే. కానీ ఆ బొమ్మలన్నీ కలిసి ఆపిల్ 2 మెమరీని మింగేశాయి. ఎదురు నిలబడే శత్రువు కోసం ఇంకో బొమ్మల కట్ట పెట్టడానికి చోటు లేదు. మరి శత్రువు లేని ఆట చప్పగా ఉండదూ?

అప్పుడు దొరికిన ఉపాయం చూడండి. బొమ్మ అంటే కంప్యూటర్ దృష్టిలో సున్నాలు, ఒకట్ల వరసే కదా. రాకుమారుడి బొమ్మనే తీసుకుని, దాన్నే ఒక్క బిట్టు పక్కకి జరిపి, రెంటినీ "ఎక్స్-ఆర్" చేశాడు. ఎక్స్-ఆర్ అంటే రెండు బిట్లూ ఒకటే అయితే సున్నా, వేరైతే ఒకటి. శరీరం మధ్యలో పక్కపక్క బిట్లు ఒకేలా ఉంటాయి కాబట్టి అక్కడంతా ఖాళీ అయిపోతుంది, అంచుల్లో మాత్రం గీతలు మిగులుతాయి. ఫలితం మిణుకుమనే దెయ్యం లాంటి ఆకారం! బొమ్మల కోసం కొత్తగా ఒక్క బైటు కూడా ఖర్చు కాకుండా శత్రువు పుట్టాడు. అద్దంలోంచి రాకుమారుడు దూకినప్పుడు విడివడే నీడమనిషి వాడే. చివర్లో వాణ్ణి కత్తితో పొడిస్తే ప్రాణం పోయేది మనకే. కత్తి ఒరలో పెట్టి దగ్గరికి వెళితే ఇద్దరూ ఒకటవుతారు. లేమిలోంచి పుట్టిన ఆలోచన కథకే ప్రాణమైంది. 1989లో ఆపిల్ 2 మీద ఆట విడుదలైంది, 1990లో డాస్ మీదికి వచ్చింది, అటు తరవాత మన లాబుల్లోకి.

ఇహ అసలు విషయానికి వద్దాం. నీడ విద్య ఎందుకు కష్టం? వేళ్ళ వేగం చాలక అని అందరూ అనుకుంటారు, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళు. ఒకసారి లెక్క వేసి చూద్దాం. స్విచ్ యంత్రం మీద ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకీ సుమారు 17 మిల్లీసెకన్లు. కంటికి ఏదో కనబడి, మెదడుకు తెలిసి, వేలు కదలడానికి మామూలు మనిషికి పావు సెకను దాకా పడుతుంది. అంటే దాదాపు 15 ఫ్రేములు. "ముళ్ళు కనబడ్డాయి, ఇప్పుడు నొక్కుతాను" అనుకునేవాడు ఇరవై ఏళ్ళవాడైనా 15 ఫ్రేముల క్రితంనాటి వార్తకి జవాబు రాస్తున్నాడన్నమాట. వయసుతో ఈ సంఖ్య కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ ఆట ఆడేది ప్రతిస్పందనతో కాదు, ముందస్తు అంచనాతో. కదిలే పల్లెవెలుగు బస్సు ఎక్కేవాడు మెట్టు తన ముందుకు వచ్చాక కాలెత్తుతాడా? వచ్చే మెట్టుకోసం ముందే ఎత్తుతాడు.

పైగా ఆటలు చేసేవాళ్ళు మనం అనుకున్నంత నిర్దయులు కారు. గట్టు అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా కాసేపు దూకే అవకాశం ఇవ్వడం ఈ రంగంలో పాత అలవాటు. దానికి "కొయోటి టైమ్" అని ముద్దుపేరు. కార్టూన్లో తోడేలు కొండ చివర దాటి గాల్లో పరిగెత్తి, కిందకి చూశాకే పడుతుంది చూడండి, దాని పేరే. 2018లో వచ్చిన "సెలెస్ట్" ఆటని తయారు చేసినవాళ్ళు అందులోని ఆటగాడి కదలికల కోడ్‌ని అందరూ చదువుకునేలా బయటపెట్టారు. అందులో ఈ దయ విలువ 0.1 సెకను. అంటే ఆరు ఫ్రేములు!

దయ చూపని వస్తువు ఒకటుంది, అది మీ ఇంట్లోనే ఉంది. టీవీ. బొమ్మని నున్నగా, మెరుపుగా చూపించడానికి టీవీ లోపల చాలా వంటకం జరుగుతుంది, ఆ వంటకానికి సమయం పడుతుంది. కొన్ని టీవీల్లో అది 100 మిల్లీసెకన్లు కూడా దాటుతుంది. ఆట ఇచ్చిన దయ అంతా అక్కడే హరించుకుపోతుంది. సెట్టింగుల్లో "గేమ్ మోడ్" అని ఉంటుంది, అది పెడితే ఈ వంటకం చాలావరకు ఆగిపోతుంది. అలాగే తీగలేని ఇయర్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, తీగ ఉన్నవి వాడండి. మా గదిలో నలుగురం. రాత్రి డ్యూటీ చేసి ఒకరు పగలు పడుకుంటారు కాబట్టి నాకు తీగ ఇయర్‌ఫోన్లు ఎలాగూ తప్పనివే. "ఈ వయసులో నీకెందుకన్నా" అనే తమ్ముళ్ళు గదిలో ఉన్నవాళ్ళు ముందు గేమ్ మోడ్ పెట్టి చూడండి. సగం వయసు దిగిపోతుంది.

సరే, వేగం కాకపోతే మరి కష్టం దేనిలో? చూపులో. మామూలు దూకుడులో మనసులో ఒకే చోటు ఉంటుంది, దిగబోయే చోటు. నీడ విద్యలో రెండు చోట్లు ఉండాలి, వెళ్ళేది ఒకటి, వచ్చేది ఒకటి. నీడ నిలిపి, ఆ తరవాత దాన్ని మర్చిపోవడమే కొత్తవాళ్ళ కష్టమంతా. బటన్ నొక్కగానే ఎక్కడో తేలతారు, ఎక్కడున్నామో వెతుక్కునేలోపు కిందపడతారు.

ఈ విషయం నాకు బాగా తలకెక్కింది ఆటలో కాదు, కొండ మీద. నేనుండే తాయిఫ్ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మక్కా వైపు దిగే అల్ హదా ఘాటు రోడ్డు పక్కన హమద్ర్యాస్ బబూన్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. బూడిదరంగు కేసరాల మగకోతులు, పిల్లల్ని వీపున వేసుకున్న తల్లులు. రాత్రిళ్ళు నిటారు కొండచరియల మీదే పడుకుంటాయి. సెలవురోజు అక్కడ కూర్చుని చూస్తే వినోదమూ, పాఠమూ కూడా. పిల్లని మోసే తల్లి బండ మీద నుంచి దూకేముందు తన కాళ్ళ వైపు అసలు చూడదు. అవతలి బండను చూస్తుంది, ఒకసారి వెనక్కి తిరిగి తానొచ్చిన బండను చూస్తుంది, ఆ తరవాతే దూకుతుంది. చిన్నప్పుడు చింతచెట్టు మీద కోతికొమ్మచ్చి ఆడినవాళ్ళకి ఇది తెలిసిన విద్యే. దొంగ తరుముతుంటే ఏ కొమ్మ మీదికి పోవాలో ముందే చూసి పెట్టుకునేవాళ్ళం.

సాధన ఇలా మొదలుపెట్టండి. ఆటలో ప్రగతిని దాచుకునే వాక్‌వాక్ చెట్లు ఉంటాయి. వాటి దగ్గర ప్రాణం కూడా నిండుతుంది. అలాంటి చెట్టు ఒకదాని దగ్గర శత్రువులు లేని చదునైన నేల చూసుకోండి. నీడ నిలపండి, పది అడుగులు నడవండి, బటన్ నొక్కేముందు కళ్ళు సార్గోన్ మీది నుంచి తీసి నీడ మీద పెట్టండి, అప్పుడు నొక్కండి. చూపు ముందు వెళ్ళాలి, వేలు తరవాత. పిల్లల ఆటలా అనిపిస్తుంది, నిజమే. ఇరవైసార్లు చేయండి. తొక్కుడుబిళ్ళలో బిళ్ళ ఏ గడిలో ఉందో చూడకుండానే కాలికి తెలిసేది గుర్తుందా? నీడ విషయంలో కూడా ఆ స్థితి రావాలి.

అది కుదిరాక గట్టు అంచున నీడ పెట్టి, కింద గట్టుకి దూకి, గాల్లో ఉండగానే వెనక్కి రండి. ఇక్కడ ఒక్క మాట. వెనక్కి వచ్చాక సార్గోన్‌ని తక్షణం కదపకండి. ఊపిరి పీల్చేంతసేపు ఆగండి. వచ్చిన చోటు కంటికి పట్టకముందే వేలు తరవాతి మీట నొక్కేయడం వల్లే ఎక్కువమంది పడిపోతారు. పడితే మాత్రం కొంప మునిగేదేం లేదు. ముళ్ళ మీద పడ్డవాడికి కాస్త ప్రాణం తగ్గుతుంది, అంతకుముందు నిలబడిన గట్టు మీదికి ఆటే తెచ్చి పెడుతుంది. పాత ప్రిన్స్ అయితే ఆ దశ మొదటికి పంపేది.

మూడోది గాలి నీడ. ఇదే అసలు మజా. ఎగిరినప్పుడు నీడను ఎక్కడ నిలపాలి? ఎగురుడు శిఖరాన. దీనికి హైస్కూలు ఫిజిక్సు చాలు. పైకి విసిరిన రాయి శిఖరం దగ్గరికి వచ్చేకొద్దీ నెమ్మదిస్తుంది కదా. లెక్క కడితే, గాల్లో ఉండే మొత్తం సమయంలో సరిగ్గా సగం ఆ ఎత్తులోని పై పావు భాగంలోనే గడుస్తుంది. ఆటల్లో గురుత్వాకర్షణని తమకి తోచినట్టు సవరించుకుంటారు గానీ, శిఖరం దగ్గర తీరిక ఎక్కువన్న మాట మారదు. కాబట్టి నెమ్మది చేతులవాళ్ళు శిఖరాన్నే నమ్ముకోవాలి. ఎగరడం, శిఖరాన నీడ, అక్కడి నుంచి "రష్ ఆఫ్ ది సీముర్గ్" అనే ఇంకో వరంతో గాల్లో అడ్డంగా ఒక దూకు. ఈ అడ్డదూకు నీడకంటే ముందే దొరుకుతుంది, కాబట్టి అప్పటికి అది మీ చేతికి అలవాటయ్యే ఉంటుంది. అందవలసింది అందితే సరి, లేదా నీడలోకి. శిఖరానికి తిరిగి వచ్చారు కాబట్టి దిగే చోటు చూసుకోవడానికి ఇంకో అవకాశం దొరికినట్టే.

నా స్వార్థం చెబుతానన్నాను. మా అబ్బాయి ప్రొద్దుటూరులో ఇంటర్ చదువుతున్నాడు. వాడి ఊహ తెలిశాక నేను ఇంట్లో ఉన్నది సెలవుల్లోనే. తాయిఫ్‌లో శుక్రవారం సాయంత్రం ఆరంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. వారానికి అదొక్కటే ఇద్దరికీ తీరికైన వేళ. వాడు పెద్దవుతున్నకొద్దీ మా మాటలు "తిన్యావా", "చదివినావా", "అమ్మకియ్యి" అనే మూడింటికి వచ్చి ఆగిపోయాయి. ఒక శుక్రవారం వాడి చేతిలో కంట్రోలర్ కనబడితే ఏం ఆట అని అడిగాను. ప్రిన్స్ అన్నాడు! మా లాబు సంగతులు చెబితే పావుగంట విన్నాడు. ఆ నెల జీతంలో నేనూ ఒక పాత స్విచ్ కొన్నాను.

ఈ ఆటలో ఒక చక్కని సౌకర్యం ఉంది. ఇప్పుడు దాటలేని చోటు ఎదురైతే ఆ దృశ్యాన్ని బొమ్మ తీసి మ్యాపు మీద గుచ్చుకోవచ్చు. ఏదన్నా కొత్త వరం దొరికాక వెనక్కి రావడానికి గుర్తన్నమాట. "మెమరీ షార్డ్" అంటారు. వాడు గుచ్చుకున్నవి నాకు వాట్సాప్‌లో పంపేవాడు, నేను గుచ్చుకున్నవి వాడికి. గాలి నీడ దగ్గర నేను వారాలు గడిపాను. వాడు నా ఆట వీడియో కాల్లో చూసి, "నాన్నా, నువ్వు వాని కాళ్ళ కాడ చూస్తాండావు. పొయ్యే కాడ చూడు" అన్నాడు. బబూన్ తల్లి చెప్పిందీ ఇదే గదరా అన్నాను. నవ్వాడు. అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో నేను లెక్కపెట్టలేదు గానీ, ఆ తరవాతి శుక్రవారం కాల్ వాడే చేశాడు.

వాడి చేతులు చురుకైనవి. నీడ పెట్టకుండానే చాలా చోట్లు దాటేస్తాడు. అందుకే గడువు తలుపుల దగ్గర వాడు ఆగిపోతే నేను ముందుకు పోయాను. గడువు తలుపు అంటే ఎక్కడో దూరాన మీట కొడితే తెరుచుకుని, కాసేపట్లో మూసుకుపోయేది. ఎంత వేగంగా పరిగెత్తినా అందదు, అందకూడదనే కట్టారు. ముందు తలుపు దగ్గరికి వెళ్ళి నీడ నిలపాలి. అప్పుడు తీరిగ్గా నడిచి వెళ్ళి మీట కొట్టి, బటన్ నొక్కితే తలుపు ముందు ఉంటాం. చిక్కుని తిరగేసి చివరి నుంచి మొదటికి ఆలోచించాలి. ఫలితం కావలసిన చోట ముందు నీడ, పని ఉన్న చోటికి తరవాత నడక. ముళ్ళ సందులో చివర ఏదో బహుమతి పెట్టి తిరిగి వచ్చే దారి లేని చోట్ల కూడా ఇదే సూత్రం. సందు మొదట్లో నీడ నిలిపి వెళితే తిరుగు ప్రయాణం ఉచితం. గోడ దూకుడూ, అడ్డదూకుడూ కలిసి వచ్చే చోట ఒకటి గుర్తుంచుకోండి. గాల్లో అడ్డదూకు ఒక్కసారే. ఎక్కడో ఒకచోట నేలనో గోడనో పట్టుకున్నాకే మళ్ళీ. అందుకని దూకులు లెక్కపెట్టుకుని, అవి అయిపోయే చోటికి ముందే నీడ సంగతి తేల్చుకోవాలి.

పోరాటంలో నీడ వాడకం గురించి ఎక్కువ రాయను, అది రుచిని బట్టి. నా పద్ధతి ఒక్కటే. పెద్ద శత్రువుతో తలపడేటప్పుడు నీడను దూరంగా మూలన నిలిపి దగ్గరికి వెళతాను. వాడు పెద్ద దెబ్బకి చెయ్యెత్తినప్పుడు మూలకి వచ్చేస్తాను. వీరత్వం కాదు, కానీ పనిచేస్తుంది. దెబ్బ కాచుకోవడం సరిగ్గా నేర్చుకోవాలంటే "హేవెన్" అనే మజిలీలో ఆర్తబాన్ అనే గురువు పాఠాలు చెబుతాడు. ఆయన దగ్గర గంట గడిపితే వృథా కాదు.

దూకుళ్ళు బొత్తిగా వశం కాకపోతే సెట్టింగుల్లో "ప్లాట్‌ఫార్మింగ్ అసిస్ట్" అని ఒకటుంది. అది పెడితే కష్టమైన సందుల దగ్గర ఒక ద్వారం కనబడుతుంది, అందులో దూరితే అవతల తేలతారు. ఇది మోసం అనేవాళ్ళున్నారు. నేను అనను. వేళ్ళు నొప్పిపెట్టేవాళ్ళు, చూపు మందగించినవాళ్ళు కూడా కథ చివరిదాకా చూడాలి కదా. మెగాహిట్ కొట్టిన తరానికి నీతులు చెప్పే హక్కు ఎలాగూ లేదు! కాకపోతే నీడ సాధన చేసే రోజుల్లో మాత్రం దాన్ని ఆపి ఉంచండి, ద్వారం కనబడుతుంటే కన్ను నీడ మీద నిలవదు.

2025 ఏప్రిల్‌లో ఇదే ఆట ఐఫోన్లకీ ఆండ్రాయిడ్‌కీ వచ్చింది. ఫోను అద్దం మీద గాలి నీడ సాధించడం నాకు నచ్చలేదు. వేలికి బటన్ అంచు తగలదు కాబట్టి వేలు ఎక్కడుందో చూసుకోవాల్సి వస్తుంది, ఉన్న ఒక్క చూపూ అక్కడికి పోతుంది. ఫోనులో ఆడేవాళ్ళు బ్లూటూత్ కంట్రోలర్ ఒకటి తగిలించుకోండి. ఇంకొకటి. చాలా తరవాత "గ్రావిటీ వింగ్స్" అనే వరం వస్తుంది, గాల్లో ఉండగానే రెండోసారి ఎగరచ్చు. అది వచ్చాక పాత అగాధాలన్నీ చిన్నబోతాయి, నీడ బటన్ మీద వేలు బద్ధకిస్తుంది. మీరు మ్యాపు మీద గుచ్చుకున్న మెమరీ షార్డులు ఏవన్నా నీడతోనే దాటగలిగేవి మిగిలి ఉంటే, రెక్కలు రాకముందే వెనక్కి వెళ్ళి పూర్తి చేసుకోండి. మావి ఇంకా నాలుగు మిగిలాయి. రెండు నావి, రెండు వాడివి.